చిల్లుల పరిశ్రమ

పరిశ్రమల శాఖలో ఉద్యోగమంటే మా బంధువులు చాలాకాలం నేను ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాననుకున్నారు. మా చర్చిలో ఒక పెద్దాయన అయితే ఆదివారం ఆరాధన అయ్యాక బయట కనబడినప్పుడల్లా "ఈ వారం ఏ షిఫ్టు ఎస్తేరమ్మా?" అని అడిగేవారు. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత తర్వాత "పగటి షిఫ్టేనండి" అనేసి ఇంటికొచ్చేసేదాన్ని.

నిజానికి మా పని ఫ్యాక్టరీ ఇంకా లేని చోటికి వెళ్లడం. పొలమో, పశువుల పాకో, పాడుబడ్డ గోడౌనో చూపించి "ఇక్కడే పెడతామండి" అంటారు. ఆ మనిషిని చూసి, ఆ స్థలాన్ని చూసి, ఇది నిలబడుతుందా లేదా అని ఆలోచించాలి. ఏలూరు ఆఫీసులో ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసరుగా నేను చేసింది ఇదే. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు రూల్సు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక మనిషి సంగతి చెబుతాను.

ఎక్కడివాళ్లు ఎలా వస్తారు

ఒక్క జిల్లాలోనే జనం వ్యాపారం మొదలుపెట్టే తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. మెట్ట వైపు నుంచి వచ్చేవారు జీడిపప్పు గురించో పామాయిలు గురించో అన్నీ అడిగి తెలుసుకుని, ఆలోచించుకుంటామండి అని లేచేవారు. రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుని "ఆలోచించామండి" అనేవారు. తాడేపల్లిగూడెం వాళ్లది దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. రైసుమిల్లు కట్టి, మర ఆడించి, మొదటి లోడు బియ్యం పంపించేశాక తీరిగ్గా వచ్చి, "మిల్లు పెడదామనుకుంటున్నామండి, పెట్టొచ్చాండీ?" అని అడిగేవారు. కొల్లేటి లంకల నుంచి ఒక్కరి పనికి ఆటో నిండా వచ్చేవారు. మాట్లాడేది ఒకరే. మిగతావాళ్లు ఆ ఒకరు తప్పు చెబితే సరిదిద్దడానికి.

ఎక్కడివాళ్లయినా సరే, ఎక్కువమంది అడిగేది పక్కవాడు పెట్టిందే. గుండుగొలను దగ్గర హైవే పక్కన ఒకాయన మంచినీళ్ల ప్యాకెట్ల యూనిట్ పెట్టాడు. ఆ వేసవిలో మా ఆఫీసు మెట్లెక్కిన ప్రతి మనిషీ మంచినీళ్ల ప్యాకెట్లే అన్నాడు. మీ సరుకు ప్రత్యేకత ఏమిటని ఒకాయన్ని అడిగితే, కాసేపు ఆలోచించి "మావి చల్లగా ఉంటాయండి" అన్నాడు.

మా జనరల్ మేనేజరు విశ్వనాథంగారికి ఈ కాపీ వ్యవహారం అస్సలు గిట్టేది కాదు. ఆయన మంచి మనిషి. తనిఖీకి వెళితే తాగే నీళ్లు కూడా ఇంటి నుంచే తెచ్చుకునేవారు, ఒకరి దగ్గర కాఫీ పుచ్చుకునేవారు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, కొత్తదనం. హైదరాబాదులో మీటింగుకు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక కొత్త ఆలోచన వెంటబెట్టుకుని దిగేవారు. అలా ఒకసారి గుర్రపుడెక్క పట్టుకొచ్చారు. కొల్లేరులో గుర్రపుడెక్కకు కరువు లేదు కదా, దాని కాడలు ఎండబెట్టి చేతిసంచులు అల్లితే విదేశాలకు పంపవచ్చని ఆయనకు ఎవరో చెప్పారట.

భీమడోలులో ఒక హాలు అద్దెకు తీసుకుని లంకల ఆడవాళ్లకు శిక్షణ ఇప్పించాం. మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్లం, అందుకని హాజరు బ్రహ్మాండంగా ఉండేది. ముగింపు రోజున అందరిలోకీ మంచి సంచిని సార్‌కు బహూకరించారు. ఆయన దాన్ని తన టేబుల్ మీద, వచ్చినవాళ్లందరికీ కనబడేలా పెట్టుకున్నారు. వానాకాలం మొదలవగానే దానికి బూజు పట్టింది. అటెండరు తుడిస్తే మర్నాటికి మళ్లీ పట్టేది. చివరికి అది పచ్చగా మారిపోయి, చూడబోతే మళ్లీ కొల్లేరుకు పోవడానికి సిద్ధమవుతున్నట్టు ఉండేది. ఆయన దాన్ని పారేయనివ్వలేదు.

దుర్గమ్మ

ఆ శిక్షణలో అందరికంటే వంకరగా అల్లిన సంచి దుర్గమ్మది. ముప్పై అయిదేళ్ల మనిషి, గట్టి గొంతు. వాళ్లది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. భర్త పోతురాజు చేపల చెరువు మీద కాపలా పని చేసేవాడు, ఊరి చెరువులో వాళ్లకు చిన్న వాటా కూడా ఉండేది. శిక్షణ పూర్తయిన కొన్ని నెలలకు ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ఆటో నిండా కాదు, మొగుడూ పెళ్లాలిద్దరే వచ్చారు. అది చూసే ఇదేదో గట్టి వ్యవహారమని నాకు అనిపించింది.

"మేడంగారండీ, నేను చిల్లులు పెడదామనుకుంటున్నానండి," అంది.

చెవులు కుట్టే దుకాణమేమో అనుకున్నాను. కాదు. చేపల చెరువుల్లో మేత వేయడానికి తవుడూ నూనెగింజల చెక్కా కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపి, గెడలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. సంచి అడుగున రెండు వరసలు చిల్లులుంటాయి. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. ఆ చిల్లులు చెరువు గట్టు మీద కూలీలు కత్తితోనో మేకుతోనో పొడిచేవారు. చిల్లు పెద్దదైతే మేత నీళ్లపాలు, చిన్నదైతే చేపకు ఉపవాసం. తాడేపల్లిగూడెం మిల్లుల దగ్గర వాడేసిన సంచులు దొరుకుతాయి కాబట్టి, అవి తెచ్చి, అడుగున రెండు కుట్లు వేసి, కాల్చిన ఊచలతో ఒకే కొలతలో చిల్లులు పెట్టి చెరువులవాళ్లకు అమ్ముతానని ఆమె ఆలోచన.

నేను విశ్వనాథంగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విన్నాక కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఎస్తేరుగారూ, ఉత్పత్తి అన్న చోట ఏం రాయమంటారు? చిల్లులా?" అన్నారు నాతో.

ఆమె కొత్త విషయమే చెప్పింది కదా సార్ అన్నాను. కొత్తదనం అంటే ఇది కాదన్నారు. పరిశ్రమ అంటే లేనిదాన్ని తయారు చేయాలట, ఈమె ఉన్నదాన్ని తీసేస్తోందట. ఆయన మాటలో తర్కం లేకపోలేదు. అయినా నేను దుర్గమ్మను బయటికి తీసుకొచ్చి, మేత సంచుల తయారీ అని రాసి నమోదు చేయించాను. అందులో చిల్లుల ప్రసక్తి తేలేదు.

గుండుగొలనులో బ్యాంకు మేనేజరు దగ్గరికి కూడా వెంట వెళ్లాను. ఆయనా అక్కడే ఆగిపోయాడు. మంచి సంచిని పాడుచేయడానికి అప్పు ఎలా ఇస్తామండీ అన్నాడు. చిల్లులు లేకపోతే వల మాత్రం వల ఎలా అవుతుందండీ అని దుర్గమ్మ వాదించింది. ఆయన పూర్తి శాకాహారి, ఆ వాదన ఆయనకు ఎక్కలేదు. చివరికి ఆమె తన పొదుపు సంఘం ద్వారానే తంటాలు పడి మొదలుపెట్టింది.

కొలత

గుండుగొలను రోడ్డు పక్కన ఒక పశువుల పాక అద్దెకు తీసుకుంది. మొదట కట్టెల పొయ్యిలో ఊచలు కాల్చి పొడిచేవారు. తర్వాత ఏలూరులో ఒక వెల్డింగు షాపతను ఒక మొరటు యంత్రం చేసిచ్చాడు. ఇనుప పలకకు మేకులు వరసగా బిగించి ఉంటాయి. కింద బొగ్గుల కుంపటి, కాలితో తొక్కితే పలక వాలుతుంది, చిల్లులు పడతాయి, ప్లాస్టిక్ కాలిన కంపు హైవే దాకా కొడుతుంది. దుర్గమ్మ మొదట్లో పెట్టిన చిల్లులన్నీ తప్పుడు కొలతే. చేపకు ఎంత చిల్లు కావాలో తనకు పుట్టుకతోనే తెలుసని అందరికీ చెప్పేది. రెండు లోడ్లు వెనక్కి తిరిగొచ్చాక, చెరువులవాళ్లు ఎంత అడిగితే అంత పెట్టడం మొదలెట్టింది. అప్పటినుంచి వ్యాపారం పుంజుకుంది.

పాక ముందు కొల్లేటి అమ్మవారి పేరుతో బోర్డు కట్టింది: శ్రీ పెద్దింట్లమ్మ చిల్లుల సంచుల పరిశ్రమ. నేను అంత జాగ్రత్తగా దాచిపెట్టిన మాట హైవే మీద ఎర్రక్షరాల్లో వేలాడుతోంది. ఏడాది తిరగకుండా చుట్టుపక్కల ఊళ్లలో మరో నలుగురు చిల్లులు పెట్టడం మొదలుపెట్టారు. అందులో ఒకాయన మా ఆఫీసుకొచ్చి చిల్లులకు సబ్సిడీ ఉందాండీ అని అడిగాడు. విశ్వనాథంగారు ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్లిపోయారు.

గండ్లు

రెండువేల ఆరులో కొల్లేరు అభయారణ్యం హద్దు లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సును ఆక్రమించి కట్టినవి కాబట్టి తీసేయాలన్నారు. అది కాదనలేని మాటే. ఆ చెరువుల మీద బతికినవాళ్లు చాలామంది సొంతంగా ఏదీ ఆక్రమించేంత స్తోమత లేనివాళ్లు. అది కూడా కాదనలేని మాటే. యంత్రాలు వచ్చాయి, గట్లు తెగాయి, పోలీసులు, కేకలు, ఏడుపులు. ఊరి చెరువుతో పాటు దుర్గమ్మ వాళ్ల వాటా పోయింది, పోతురాజు కాపలా పని పోయింది. చిల్లుల సంచులు కొనేవారిలో ముప్పావు వంతు మంది కూడా పోయారు.

కొన్నాళ్లకు నేను గుండుగొలను వెళ్లాను. పాకలో కప్పు దాకా సంచులు, దాదాపు అన్నిటికీ చిల్లులే. కుంపటి ఆర్పేసి ఉంది. పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లనూ మాన్పించేసింది. ఎప్పుడూ ఎవరో ఒకరి మీద అరుస్తుండే మనిషి సంచుల మీద కూర్చుని మెల్లగా మాట్లాడుతుంటే నాకు భయమేసింది.

"చెరువులే లేకపోతే ఈ చిల్లులు ఎవరికండీ?" అంది. "వీటిలో ఇంక ఇసక కూడా నిలవదండి."

చిల్లు పెట్టినదాన్ని పూడ్చే పరిశ్రమ ప్రపంచంలో ఎక్కడా లేదు. హద్దు బయట చెరువులున్నాయి గానీ, వాటికి సరిపడా సంచులు మిగతా నలుగురి దగ్గరా గుట్టలుగా పడి ఉన్నాయి. ఇంకా చిల్లులు పెట్టని పాత సంచులు ఎన్నున్నాయో చూసుకోమన్నాను. ఓ లారీకి సగం దాకా వచ్చేలా ఉన్నాయి. వాటినైనా అమ్మి పెడదామని, తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి మూర్తిగారికి ఫోన్ చేశాను. కర్నూలు వైపు నుంచి వచ్చే ఉల్లిని ఆయన మార్కెట్‌లో ఏరించి, వేరే సంచుల్లోకి మార్చి ఊళ్లకు పంపుతుంటారు. ఆ సీజనులో గోనె సంచులకు కొరతగా ఉందట. మీరు చెప్పాక ఇంకేముందండీ, పంపండి అన్నారు. నా ఉద్యోగ జీవితంలో ఇంత తేలిగ్గా అయిన పని ఇదొక్కటే అనుకున్నాను.

ఉల్లిపాయలు

నాలుగో రోజు మూర్తిగారు ఆఫీసుకు ఫోన్ చేశారు. గోదావరి జిల్లాలవాళ్లు తిట్టినా మర్యాదగా తిడతారు. ప్రతి మాట చివరా "అండి" పెట్టి నన్నూ, మా శాఖనూ, దుర్గమ్మనూ కడిగేశారు. అర్థమైందేమిటంటే, లారీకెక్కించింది పోతురాజు. మంచి కట్టలు సగం, చిల్లుల కట్టలు సగం కలిపి ఎక్కించేశాడు. కూలీలు చూసుకోకుండా అన్నిటిలోనూ ఉల్లిపాయలు నింపేసి కుట్టేశారు.

దుర్గమ్మకు కబురు పెట్టి, మర్నాడు పొద్దున్న పాసింజరులో గూడెం వెళ్లాను. ఆమే పోతురాజూ భీమడోలులో ఎక్కారు. దారంతా ఆమెకు ఒకటే చెప్పాను: వాదించొద్దు, పొరపాటైందని దణ్ణం పెట్టు, సంచులు మార్చిస్తామని చెబుదాం. అలాగేనండి, అలాగేనండి అని బుద్ధిగా తలూపింది.

దుకాణం వెనక షెడ్డులో మూర్తిగారు మా కోసమే నిలబడి ఉన్నారు. లావుపాటి మనిషి, ముఖం ఉల్లిపాయ రంగులో ఉంది.

"మేడంగారూ, గవర్నమెంటువారు చెప్పారని తీసుకున్నానండి. ఇవి సంచులా, జల్లెడలాండీ?"

నేను నోరు విప్పేలోగా దుర్గమ్మ ముందుకు వెళ్లింది.

"ఉల్లిపాయకు గాలాడొద్దాండీ?" అంది.

మూర్తిగారు ఆమెను ఎగాదిగా చూశారు. "గాలాడాలని పెట్టిన చిల్లులా అమ్మా ఇవి?"

"మరెందుకు పెడతామండీ?"

"చేపల మేతకని విన్నాను."

"చేపకు మాత్రం గాలక్కర్లేదాండీ," అంది దుర్గమ్మ.

మూర్తిగారు దగ్గరున్న సంచి ఒకటి తిప్పి చూశారు. పోతురాజు గొంతు సవరించుకున్నాడు. అన్నేళ్లలో ఆయన మా ఆఫీసుకు ఎన్నిసార్లు వచ్చినా నేను ఆయన గొంతు వినలేదు.

"నేనే పొరపాటున ఎక్కించేనండి," అన్నాడు.

దుర్గమ్మ భర్త వైపు చూసిన చూపుకు ఆ కుంపటి మళ్లీ అంటుకుని ఉండాలి. మూర్తిగారు మాత్రం చల్లబడ్డారు. ఈ ఒక్క మాట ముందే చెప్పుంటే నాకు బీపీ పెరిగేది కాదు కదయ్యా అని ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఎలాగూ నింపేశాం, మళ్లీ కుమ్మరించి నింపాలంటే కూలి దండగ, ఉన్నవి అలా పోనివ్వండి, ఇక మీదట మాత్రం మీ సంచులు వద్దు అన్నారు. ఈపాటితో బయటపడ్డామని నేను సంతోషించాను.

ఆ వారం ముసురు పట్టింది. లారీలు కదలక మూర్తిగారి షెడ్డులో సరుకు నిలిచిపోయింది. మామూలు ప్లాస్టిక్ సంచుల్లోని ఉల్లి చెమర్చి కుళ్లడం మొదలైంది. వాటి పక్కనే, అదే లోడు నుంచి వచ్చి అదే రోజున నింపిన చిల్లుల సంచుల్లోది చాలావరకు నిలిచింది. ఈసారి మూర్తిగారు ఫోన్ చేసినప్పుడు తిట్లు లేవు, "అండి"లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ చిల్లుల సంచులు ఇంకా ఉన్నాయాండీ అని అడిగారు.

ఉన్నవన్నీ వెళ్లిపోయాయి. తర్వాత ఆయన బేరాలు మొదలుపెట్టారు. చిన్న పాయలు జారిపోతున్నాయి, చిల్లు తగ్గించమన్నారు. రెండు వరసలు చాలవు, సంచంతా పెట్టమన్నారు. చిన్న చిల్లులకు రేటు ఎక్కువండి అని దుర్గమ్మ అంది. చిల్లు చిన్నదైతే పని తగ్గుతుంది కదమ్మా అని ఆయన, గురి కుదరాలి కదండీ అని ఈమె, అలా ఓ నెల సాగింది. మాన్పించిన ఇద్దరు ఆడవాళ్లతో పాటు, చెరువులు పోయిన వాళ్ల ఊరి నుంచి ఇంకో నలుగురు పనిలోకి వచ్చారు.

ఇదంతా దుర్గమ్మ తెలివి అని మీరు అనుకుంటే పొరపాటే. ఒక అబద్ధం, ఒక పొరపాటు, ఒక ముసురు కలిస్తే ఆ వ్యాపారం నిలబడింది. నేను చూసిన చాలా వ్యాపారాలు ఇంచుమించు ఇలాగే నిలబడ్డాయి. తర్వాత వాటి కథ రాసేవాళ్లు ఆ ముసురును వదిలేసి, తక్కినదంతా ప్రణాళిక అని రాస్తారు.

పెద్ద అధికారి

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి మా శాఖ పెద్ద అధికారి జిల్లా పర్యటనకు వచ్చారు. జీవనోపాధి పోయిన కొల్లేరు జనానికి శాఖ ఏం చేసిందో చూపించమన్నారు. చూపించడానికి మా దగ్గర ఉన్నది చిల్లులే. విశ్వనాథంగారు ముందు రోజే గుండుగొలను వెళ్లి, బోర్డు మీద ఆ మాటను కాగితం అంటించి కప్పించారు. దుర్గమ్మను కూర్చోబెట్టి, శాఖవారి మార్గదర్శకత్వం, నిరంతర ప్రోత్సాహం అంటూ నాలుగు వాక్యాలు బట్టీ పట్టించారు. ఆమె తడుముకోకుండా అప్పజెప్పింది.

మర్నాడు పెద్ద అధికారి పాకంతా తిరిగారు. తనే కాలితో యంత్రం తొక్కి ఒక సంచికి చిల్లులు పెట్టి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. అప్పుడు దుర్గమ్మ వైపు తిరిగి, శాఖ మీకు చేసిన సాయం ఏమిటమ్మా అని అడిగారు.

విశ్వనాథంగారి పెదవులు కదులుతున్నాయి. మార్గ, మార్గ అని ఆమెకు అందిస్తున్నారు. దుర్గమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. నాలుగు వాక్యాలూ ఎటో పోయినట్టున్నాయి.

"మేడంగారు వద్దనలేదండి," అంది.

"అంతేనా?" అన్నారాయన.

"అంతేనండి. మిగతా అందరూ వద్దన్నారండి."

తిరిగి వచ్చేటప్పుడు జీపులో దెందులూరు దాటాక విశ్వనాథంగారు నా వైపు తిరిగారు. "ఎస్తేరుగారూ, రిపోర్టులో ఏమని రాద్దాం?" అన్నారు.

మార్గదర్శకత్వం అనే రాయండి సార్ అన్నాను. అలాగే రాశారు. కొత్తగా చేరే మీకు పాత రిపోర్టుల్లో ఆ మాట ఎక్కడైనా తగిలితే, దుర్గమ్మ చెప్పిన అర్థంలోనే చదువుకోండి.